‘నాకేం సమస్య లేదు’ అనే మనిషితో ఎలా మాట్లాడాలి?



“నాకేం సమస్య లేదు మేడం. తాగేది నిజమే, కాదంటలేను. కానీ కంట్రోల్ల ఉంట. సమస్యంతా మా ఆవిడదే. ఆ కౌన్సెలింగేదో ఆమెకే ఇయ్యుండ్రి.”

మాలాంటి కౌన్సెలర్ల దగ్గరికి వచ్చే చాలామంది మగవాళ్ల మొదటి మాట ఇలాగే ఉంటుంది. పక్క కుర్చీలో భార్య ఉంటుంది. ఆమె ఒళ్లో రిపోర్టుల కవరు ఉంటుంది. ఆయన చూపు గోడ గడియారం మీద ఉంటుంది. ఇలాంటి మనిషితో ఏం మాట్లాడాలి? ఎలా మొదలుపెట్టాలి? ఈ పూట దాని గురించే చెప్పుకుందాం. ఇది కౌన్సెలర్లకు మాత్రమే కాదు. ఇంట్లో భర్తతోనో, అన్నతోనో, ఎదిగిన కొడుకుతోనో రోజూ ఇదే లొల్లి పడుతున్నవాళ్లందరికీ.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. తాగుడు మానమని మనం వాదించినకొద్దీ, తాగుడు తరఫున ఆయన వాదిస్తాడు. మానాలన్న మాట మన నోట్లోంచి కాదు, ఆయన నోట్లోంచి రావాలి. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. మళ్లీ మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మన దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ వైపు సాయంత్రం ఏడు దాటాక ఒకసారి చూడండి. మెట్రో పిల్లర్ల కింద ట్రాఫిక్ ఆగిపోయి ఉంటుంది. వైన్స్ ముందు బండ్లు అడ్డదిడ్డంగా నిలబడి ఉంటాయి. పక్కనే పర్మిట్ రూమ్. బయట ఉడకబెట్టిన గుడ్లు, పల్లీలు, మిర్చి. అక్కడ నిలబడ్డవాళ్లలో ఎవరిని కదిపినా, తాగుడు నాకో సమస్య అని చెప్పే మనిషి దొరకడు. కోచింగ్ కోసం వచ్చి హాస్టల్లో ఉండే కుర్రాడు, “వీకెండే కదా” అంటాడు. విజయవాడ హైవే మీద బండి తోలే డ్రైవర్, “డ్యూటీలో ముట్టను” అంటాడు. గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో అక్కడ బరువులు మోసిన హమాలీ, “ఒళ్లు నొప్పులకు ఒక క్వార్టర్, అంతే” అంటాడు. మార్కెట్ బాటసింగారం పోయింది. ఆ మాట మాత్రం ఇక్కడే ఉంది.

వీళ్లంతా అబద్ధాలు చెబుతున్నారా? కాదు. తమకంటే ఎక్కువ తాగేవాణ్ని ఒకణ్ని పక్కన పెట్టుకుని, వాడితో పోల్చుకుంటున్నారు. తాగుబోతు అంటే వాడు. నేను కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో నూటికి 43 మంది మద్యం తాగుతారు. అంతమంది తాగేచోట నా తాగుడు ఎక్కువైందని ఒప్పుకోవడం సులువు కాదు. అలాగని తాగేవాళ్లందరికీ సమస్య ఉన్నట్టూ కాదు. ఉన్నవాళ్లు మాత్రం సాయానికి రావడం లేదు. 2019లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన జాతీయ సర్వే చెప్పింది వినండి. మద్యానికి బానిసైనవాళ్లు 38 మంది ఉంటే, అందులో ఏదో ఒక చికిత్స అందింది ఒక్కరికే. ఒక్కరికే.

సరే, మనం సాధారణంగా ఎలా మాట్లాడతాం? ఒక మనిషిని ఊహించుకుందాం. నేను చెప్పబోయే మాటలు ఏ ఒక్కరివో కావు, చాలామంది నుంచి విన్నవి. నల్లగొండ వైపు నుంచి వచ్చి చైతన్యపురిలో అద్దెకుంటున్నాడు. ఎలక్ట్రీషియన్. నలభై ఏళ్లుంటాయి. రోజూ సాయంత్రం తాగుతాడు. ఆదివారం మధ్యాహ్నం నుంచే మొదలు.

మనం అంటాం: “లివర్ రిపోర్ట్ చూశారా? ఇలాగే తాగితే ఏమవుతారో తెలుసా?”

ఆయన: “మా తాత దినాం తాగి ఎనభై ఏండ్లు బతికిండు.”

“పిల్లల గురించి ఒక్కసారైనా ఆలోచించారా?”

“పిల్లల ఫీజు కట్టేదెవరు మేడం? నేనే గద.”

“మానేస్తే మీకే మంచిది కదా?”

“ఇష్టమైతే రేపే బంద్ చేస్త. నాకు ఇష్టం లేదు, అంతే.”

చూశారా? మూడు ప్రశ్నలు వేశాం. మూడింటికీ జవాబు సిద్ధంగా ఉంది. ఒక్కటీ తప్పు జవాబు కాదు. తాత బతికింది నిజం. ఫీజు కట్టేదీ నిజం. మనం మానమని వాదించి, తాగుడుకు ఆయన్నే వకీలుగా నిలబెట్టాం. గంట తర్వాత ఆయన ఇంకాస్త గట్టి నమ్మకంతో బయటికి పోతాడు. ఎందుకంటే గంటసేపు తన మాటలు తనే విన్నాడు కదా.

ఈ సంగతిని పట్టుకున్న మనిషి విలియం మిల్లర్. అమెరికన్ సైకాలజిస్టు. 1983లో ఆయన ఒక వ్యాసం రాశారు. తాగుడు సమస్య ఉన్నవాళ్లతో ఎలా మాట్లాడాలన్నదే అందులో విషయం. అంతకుముందు నార్వేలో కొన్నాళ్లున్నారు. అక్కడి కుర్ర సైకాలజిస్టులు ఆయన్ను పేషంట్లతో ఎలా మాట్లాడతారో చేసి చూపించమన్నారు. మధ్యమధ్యలో ఆపి అడిగేవాళ్లు. ఈ ప్రశ్నే ఎందుకు వేశారు? ఆ మాటకు ఇలా ఎందుకు స్పందించారు? అలా చెప్పుకుంటూ పోగా ఒక పద్ధతి బయటపడింది. దాన్నే మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అంటున్నారు. తర్వాత స్టీఫెన్ రోల్నిక్ తోడయ్యారు. ఇద్దరూ కలిసి 1991లో పుస్తకం తెచ్చారు.

మిల్లర్ చెప్పింది ఇది. నాకు సమస్య లేదని మొండికేయడం ఆ మనిషి గుణం కాదు. ఎదుటివాడు ఎలా మాట్లాడుతున్నాడన్నదాన్ని బట్టి అది పెరుగుతుంది, తగ్గుతుంది. 1993లో ఆయన, సహచరులు ఇంకో సంగతి చూపించారు. కౌన్సెలర్ ఎంత గద్దించి మాట్లాడితే, ఏడాది తర్వాత ఆ మనిషి అంత ఎక్కువ తాగుతున్నాడు. అంటే గద్దించడం పనిచేయకపోవడమే కాదు. ఎదురుతన్నవచ్చు కూడా.

మరి ఎలా మాట్లాడాలి? అదే ఎలక్ట్రీషియన్. అదే కుర్చీ. మళ్లీ మొదటి నుంచి వినండి.

“ఇక్కడికి రావడం మీకు ఇష్టం లేనట్టుంది.”

“లేదు మేడం. పొద్దున్నుంచి ఒకటే లొల్లి. ఎల్బీ నగర్ల ఒక పని ఇడిసిపెట్టి వచ్చిన.”

“పని పోగొట్టుకుని మరీ వచ్చారు. ఇంటావిడ మాట తీసెయ్యలేదు.”

ఆయన ఏమీ అనడు. గడియారం మీంచి చూపు దించుతాడు.

“తాగడంలో మీకు ఏం బాగుంటుందో చెప్పండి.”

ఈ ప్రశ్న ఆయన ఊహించలేదు. భార్య కూడా ఊహించలేదు. ఆమె నావైపు అనుమానంగా చూస్తుంది. ఆయన మాత్రం చెబుతాడు. దినమంతా నిచ్చెన మీద నిలబడితే కాళ్లు గుంజుతాయి. తాగితే నిద్ర పడుతుంది. నలుగురు దోస్తులు కలుస్తారు.

“మరి బాగుండనిది ఏమైనా ఉందా?”

“ఏముంటది మేడం... పొద్దుగాల చేతులు జర వణుకుతయ్. మొన్న ఫ్యాన్ బిగిస్తుంటే స్క్రూ చేతిలకెల్లి జారింది. కస్టమర్ చూసిండు. చాయ్ తాగలేదని చెప్పిన.”

ఇక్కడ మనలో ఎవరికైనా నోరు దురద పెడుతుంది. చూశారా, నేను చెప్పలేదా, అది తాగుడు వల్లే! అనబుద్ధవుతుంది. అనకండి. అన్నారంటే, వెంటనే ఆయన చాయ్ కథను గట్టిగా పట్టుకుంటాడు. బదులుగా ఆయన చెప్పిందే ఆయనకు తిరిగి అప్పగించండి.

“చేతి పని చేసే మీకు చెయ్యి వణికితే ఎట్లా అనిపించింది?”

“నామోషీ అయింది మేడం. ఈ చేతులే గద నాకు అన్నం పెట్టేది.”

విన్నారా? ఈ మాట ఎవరన్నారు? మనం కాదు. భార్య కాదు. ఆయనే అన్నాడు. ఇందాక లివర్ రిపోర్ట్ చూపిస్తే కదలని మనిషి, జారిపోయిన స్క్రూ దగ్గర కదిలాడు. ఎవరి స్క్రూ ఎక్కడ జారిందో మనకు ముందుగా తెలియదు. అడిగితేనే తెలుస్తుంది. అడిగి, ఊరుకుంటేనే తెలుస్తుంది.

ఈ పద్ధతిలో పనులు నాలుగే. అవును, కాదు అని తేల్చేసే ప్రశ్నలు వేయకుండా, ఆయన నాలుగు మాటలు మాట్లాడే ప్రశ్న వేయడం. ఆయనలో ఉన్న మంచిని నిజాయతీగా గుర్తించడం. ఆయన అన్న మాటనే తిరిగి అనడం. చివర్లో ఆయన చెప్పినవన్నీ గుదిగుచ్చి ఒక్కసారి వినిపించడం. అడగడం, గుర్తించడం, తిరిగి అనడం, కలిపి చెప్పడం. అన్నిటికంటే కష్టం మూడోది. మనకు వినడం అలవాటు లేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు పెద్దలు.

ఇంకో చిన్న ప్రశ్న ఉంది. చాలా పనికొస్తుంది.

“తాగుడు తగ్గించుకోవడం మీకు ఎంత ముఖ్యం? సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పండి.”

“ఏమో... మూడు అనుకోండ్రి.”

మూడేనా, పది ఎందుకు కాదు అని అడిగామో, మళ్లీ వాదన మొదలు. కాబట్టి తిప్పి అడగాలి. “మూడు అన్నారు. సున్నా ఎందుకు అనలేదు?” అప్పుడు ఆయన కారణాలు వెతుక్కోవాలి. దేనికి కారణాలు? తగ్గించడానికి. “సున్నా ఎట్లంట మేడం? బిడ్డ పదో తరగతికి వచ్చింది. ఈ మధ్య నేను ఇంటికొస్తే లోపలి అర్రలకు పోతుంది.” మళ్లీ అదే. మానాలన్న మాట ఆయన నోట్లోంచి వస్తోంది.

ఇప్పుడు మన దగ్గర తరచూ వినిపించే ఇంకో మాట. “నాకు అలవాటే ఉంటే మాల ఎట్ల ఏస్త మేడం? రెండేండ్ల కింద అయ్యప్ప మాల ఏసిన. 41 రోజులు ముట్టలే.” చాలామంది కౌన్సెలర్లు, ఇంట్లోవాళ్లు దీన్ని సాకుగా కొట్టిపారేస్తారు. మాల తీసిన రాత్రే మొదలుపెట్టావు కదా అని ఎత్తిపొడుస్తారు. నేనైతే కాస్త ముందుకు జరిగి కూచుంటాను. ఎందుకంటే ఆయన సమస్య లేదనడానికి చూపించిన సాక్ష్యంలోనే దారి కూడా ఉంది.

“41 రోజులు! ఎట్లా ఉండగలిగారు?”

“గురుస్వామి ఉంటడు. తోటి స్వాములుంటరు. సాయంత్రమైతే పూజ, భజన. నల్లబట్టల మీద ఉంటే దోస్తులు గూడ పిలువరు.”

“అప్పుడు ఒళ్లు ఎట్లా ఉండేది?”

“పొద్దుగాల తల తేలిగ్గ ఉండె. బిడ్డ పక్కన కూసుండి చదువుకునేది.”

ఈ జవాబును నెమ్మదిగా విప్పి చూడండి. సాయంత్రం ఏడు గంటలకు చేయడానికి ఒక పని ఉంది. చుట్టూ అదే నియమంలో ఉన్న మనుషులున్నారు. అడిగితే చెప్పే పెద్ద ఒకరున్నారు. పిలవకూడదని దోస్తులకు తెలుసు. ఏ డాక్టరు రాసిచ్చినా ఇంతకంటే మంచి పథకం ఉండదు. ఇది ఆయన పథకమే, ఒకసారి నడిపి చూసిన పథకం. ఇక మిగిలింది ఒక్క ప్రశ్న. “మాల లేనప్పుడు సాయంత్రం ఏడింటికి ఇందులో ఏది కుదురుతుంది?” ఆ జవాబు కూడా ఆయన్నే చెప్పనివ్వాలి. రంజాన్ నెలంతా దూరంగా ఉండే ముస్లిం సోదరులతోనూ ఇదే ప్రశ్న పనిచేస్తుంది.

మరి మనకు తెలిసిన విషయం చెప్పనే కూడదా? చెప్పాలి. కానీ అడిగి చెప్పాలి. “చేతుల వణుకు గురించి నాకు తెలిసింది ఒకటి ఉంది. చెప్పమంటారా?” సరే అంటాడు. క్లుప్తంగా చెప్పి, “మీకేమనిపిస్తుంది?” అని మళ్లీ ఆయనకే వదిలేయాలి. అడగండి, చెప్పండి, మళ్లీ అడగండి.

ఆ వణుకు గురించి ఒక హెచ్చరిక కూడా ఉంది. దయచేసి జాగ్రత్తగా వినండి. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం వస్తాయి. కొందరికి ఫిట్స్ వస్తాయి. లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. ప్రాణం మీదికి కూడా రావచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి వైన్స్, కల్లు కాంపౌండ్లు రాత్రికి రాత్రి మూతపడ్డప్పుడు ఏమైందో గుర్తుందా? ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం బారులు తీరారు. ఇష్టమైతే రేపే బంద్ చేస్తానని అనుకున్నవాళ్లు ఎంతోమంది వాళ్లలో ఉండి ఉంటారు. మే 6న షాపులు మళ్లీ తెరిచారు. కాబట్టి రోజూ తాగే మనిషి మానతానని ముందుకొస్తే, వెంటనే సీసా పగలగొట్టి ఒట్టు వేయించకండి. ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మళ్లీ చెబుతున్నా. ఒట్టు కాదు, ముందు డాక్టరు.

అలాగే, మనిషికి తెలియకుండా తాగుడు మాన్పిస్తాం అనే ప్రకటనలు మీరు చూసే ఉంటారు. పొడులు, చుక్కల మందులు. అన్నంలోనో పప్పులోనో కలిపి పెట్టమంటారు. వద్దు. డైసల్ఫిరామ్ అనే మాత్ర నిజంగానే ఉంది. అది వేసుకున్న మనిషి మద్యం తాగితే వాంతులు, గుండెదడ వస్తాయి, బీపీ పడిపోవచ్చు. అందుకే డాక్టర్లు అన్నీ వివరించి, ఒప్పుకున్న మనిషికే ఇస్తారు. చాటుగా పెడితే ప్రమాదం. పైగా ఆ సంగతి తెలిసిన రోజు ఇంట్లో పెట్టిన అన్నం మీదే నమ్మకం పోతుంది.

ఇలా మెత్తగా మాట్లాడితే నిజంగా మానతారా అని మీలో కొందరికి సందేహం వచ్చే ఉంటుంది. న్యాయమైన సందేహమే. దీనికి మన దేశంలోనే ఒక పరీక్ష జరిగింది, గోవాలో. హానికరంగా తాగుతున్న మగవాళ్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో గుర్తించారు. కౌన్సెలింగ్ ఇచ్చింది డాక్టర్లు కాదు. శిక్షణ పొందిన మామూలు మనుషులు. మహా అయితే నాలుగు సిట్టింగులు. వాళ్లు నేర్చుకున్నది ఈ మాటతీరే. డాక్టర్ అభిజిత్ నడ్కర్ణి, డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం 2017లో ఆ ఫలితాలను లాన్సెట్ పత్రికలో ప్రచురించింది. మూడు నెలల తర్వాత, కౌన్సెలింగ్ అందినవాళ్లలో నూటికి 36 మంది ప్రమాదకరమైన తాగుడు నుంచి బయటపడ్డారు. అందనివాళ్లలో 26 మంది. అందరూ మారలేదు. కానీ నూటికి పది కుటుంబాలంటే చిన్న సంగతి కాదు. అదీ నాలుగు సార్లు కూచోబెట్టి మాట్లాడితే.

ఇప్పుడు ఇంట్లో ఉన్న అక్కచెల్లెళ్లతో, అమ్మలతో ఒక మాట. మీరు కౌన్సెలర్లు కానక్కర్లేదు. ఏళ్ల తరబడి పడ్డవాళ్లకు కోపం రావడం తప్పూ కాదు. ఒక్క మూడు పనులు ప్రయత్నించి చూడండి. తాగి వచ్చిన రాత్రి మాట్లాడకండి, ఆ మాటలు పొద్దున ఆయనకు గుర్తుండవు. తాగుబోతు అనే పేరు పెట్టకండి, ఆ పేరు కాదని నిరూపించుకోవడంతోనే ఆయనకు సరిపోతుంది. తాగని పూట కనిపిస్తే ఊరికే వదిలేయకండి. “నిన్న నువ్వు తొందరగా వచ్చినవ్, బిడ్డ మంచిగ అన్నం తిన్నది” అని ఒక్క మాట అనండి. ఎత్తిపొడుపు కలపకుండా అనండి. అదే కష్టం, నాకు తెలుసు.

అయితే దీనికి ఒక హద్దు ఉంది. తాగి చెయ్యి చేసుకునే మనిషి దగ్గర ఓపికగా వింటూ కూచోమని ఈ పద్ధతి చెప్పదు. అక్కడ ముందు మీ భద్రత, పిల్లల భద్రత. మహిళల హెల్ప్‌లైన్ 181. అత్యవసరమైతే 112. ఆయన మనసు మారేదాకా దెబ్బలు తినాల్సిన పని ఎవరికీ లేదు.

సాయం ఎక్కడ దొరుకుతుంది? మానసిక ఆరోగ్యం గురించి ఏ వేళలోనైనా, తెలుగులోనే మాట్లాడటానికి టెలీ మానస్ ఉంది. నంబరు 14416. డబ్బు కట్టనక్కర్లేదు. మత్తు అలవాట్ల కోసం ప్రత్యేకంగా జాతీయ హెల్ప్‌లైన్ 14446. ఎర్రగడ్డ ఆసుపత్రి ఉంది. తాగుడు మానినవాళ్లు ఒకరికొకరు తోడుగా కూచునే ఆల్కహాలిక్స్ అనానిమస్ బృందాలు హైదరాబాద్‌లో ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యంతో ముడిపడిన మానసిక ఇబ్బందులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. అంటే చికిత్స అడగడం మన హక్కు. సిగ్గుపడాల్సిన పని లేదు.

ఆ నంబర్లు ఇంకోసారి. టెలీ మానస్ 14416. మత్తు అలవాట్లకు 14446. ఆయన రానంటే మీరొక్కరైనా ఫోన్ చేయవచ్చు.

రేపు పొద్దున, ఆయన చాయ్ తాగి నిమ్మళంగా ఉన్నప్పుడు, ఒక్క ప్రశ్న అడిగి చూడండి. “ఈ తాగుడులో నీకే నచ్చనిది ఏమన్నా ఉన్నదా?” అడిగాక, జవాబు మీరు అందించకండి. ఏమీ లేదని అంటే అననివ్వండి, వాదించకండి. ఇంకో రోజు మళ్లీ అడగవచ్చు. ఏదో ఒకటి చెబితే మాత్రం, అది ఎంత చిన్నదైనా, దాని గురించి ఇంకొంచెం చెప్పమనండి. అక్కడి నుంచి మాట్లాడాల్సింది ఆయనే.